మత్తు చరిత్ర – 9: బెర్లిన్ నిద్రమందు, పాలమూరు కల్లు సీసా

గత సంచికలో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ల కథ చెప్పుకున్నాం. 1888లో ఒకటి, 1889లో మరొకటి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బు, లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ రాక, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో ప్రయోగాలు. మనిషికి కాసేపు స్పృహ తప్పించి కత్తి పెట్టడం ఎట్లా అన్నది అప్పటి ప్రశ్న. ఈసారి ప్రశ్న చూడటానికి చిన్నదే. రాత్రి కన్ను మూత పడనివాడికి నిద్ర ఎట్లా తెప్పించాలి? ఈ ప్రశ్నకు నూటయాభై ఏళ్లుగా జర్మనీ, అమెరికా ప్రయోగశాలలు చెబుతూ వచ్చిన జవాబులే ఒక్కొక్కటిగా వచ్చి తెలంగాణ కల్లు సీసాల్లో కలిశాయి. సీసా ఎత్తి తాగుతున్న కూలి మనిషికి తాను నిద్రమాత్రల పొడి మింగుతున్నానని తెలియదు.

మాదకద్రవ్యాలంటే మనకు హెరాయిన్, కొకైన్, మన్యం గంజాయి గుర్తొస్తాయి. పబ్బుల్లో దాడులు, సినిమావాళ్ళ పేర్లు, టీవీల్లో రాత్రంతా చర్చలు. నిజామాబాద్‌లోనో, పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్‌లోనో ఏళ్ళ తరబడి సాయంత్రం పూట రెండు సీసాలు తాగి ఇంటికి పోయే మనిషిని మాదకద్రవ్యాల బాధితుడిగా ఎవరూ లెక్కపెట్టరు. లెక్కపెట్టాలనే ఈ వ్యాసం.

లీబ్రైఖ్ లెక్క తప్పింది, మందు పనిచేసింది

1832లో యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్కహాల్ మీదికి క్లోరిన్ వాయువును పంపి క్లోరల్ అనే పదార్థాన్ని తయారుచేశాడు. దానితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. దాదాపు నాలుగు దశాబ్దాలు అది ప్రయోగశాలలోనే ఉండిపోయింది.

1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైఖ్ అనే యువ వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. క్లోరల్‌కు క్షారం తగిలితే క్లోరోఫాం పుడుతుంది. మన రక్తానికి కొద్దిగా క్షారగుణం ఉంది. అట్లాంటప్పుడు క్లోరల్ మింగితే రక్తంలో మెల్లమెల్లగా క్లోరోఫాం పుట్టి మనిషి నిద్రపోవాలి కదా? జంతువులకు ఇచ్చి చూశాడు, నిద్రపోయాయి. రోగులకు ఇచ్చాడు, వాళ్ళూ నిద్రపోయారు. ఆయన వేసుకున్న లెక్క మాత్రం తప్పు. రక్తంలో క్లోరోఫాం పుట్టదు. క్లోరల్ శరీరంలో ట్రైక్లోరోఎథనాల్ అనే మరో రసాయనంగా మారుతుంది, నిద్ర తెప్పించేది అదే. ఈ సంగతి తేలేసరికి క్లోరల్ హైడ్రేట్ ప్రపంచమంతా పాకిపోయింది.

అంతకుముందు నిద్ర కోసం నల్లమందు తప్ప పెద్దగా దిక్కులేదు. నల్లమందు కలిపిన సారాయి ద్రావకం లాడనం యూరప్‌లో ఇంటింటా ఉండేది. దానికి అలవాటుపడి పాడైపోయినవాళ్ళను వైద్యులు కళ్ళారా చూస్తున్నారు. అలాంటి సమయంలో నల్లమందు సంబంధం లేకుండా, మనిషి తన చేతులతో తయారుచేసిన తొలి నిద్రమందు వచ్చింది. వాళ్ళు ఎంత సంబరపడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇది అలవాటు కాదని కొందరు రాశారు. ఆ మాటను గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ప్రతి కొత్త మందుతో పాటు అదే మాట మళ్ళీ వినిపిస్తుంది.

ఇంగ్లండులో క్లోరల్‌ను పరిచయం చేసినవాళ్ళలో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ ముఖ్యుడు. పదేళ్ళు తిరక్కుండానే క్లోరల్ వ్యసనం గురించి ముందుగా హెచ్చరించినవాళ్ళలోనూ ఆయన ఉన్నాడు. తాను చేతులారా తెచ్చిన మందు తన రోగులను ఏంచేస్తున్నదో చూసి బయటికి చెప్పిన నిజాయితీ ఆయనది. ఆ గుణం తర్వాతి కాలంలో మందుల కంపెనీలకు అబ్బలేదు.

కవి, చిత్రకారుడు డాంటే గేబ్రియల్ రోసెట్టి నిద్రలేమికి క్లోరల్ మొదలుపెట్టాడు. ఆ మందు నోట్లో పెట్టుకుంటే చేదు, గొంతులో మంట. ఆ రుచి పోవడానికి వెంటనే విస్కీ తాగేవాడు. ఏడాదికేడాది మోతాదు పెరిగింది. లేనిపోని అనుమానాలు, భయాలు, ఒంట్లో నీరసం. 1882లో 53 ఏళ్ళకే పోయాడు.

జాన్ టిండాల్ మరణం ఇంకా విషాదం. కాంతి కిరణాన్ని ధూళి కణాలు ఎట్లా చెదరగొడతాయో వివరించిన ఆ శాస్త్రజ్ఞుడి పేరు మన హైస్కూలు పిల్లలకు కూడా తెలుసు. వయసు మీదపడ్డాక ఆయనకు నిద్ర కరువైంది. ఇంగ్లండులోని హైండ్‌హెడ్‌లో ఇల్లు. పక్కనే సేవ చేస్తూ భార్య లూయిసా. రాత్రికి క్లోరల్, ఉదయం కడుపు శుభ్రం కావడానికి మెగ్నీషియా. 1893 డిసెంబరు 4 ఉదయం ఆమె మెగ్నీషియా సీసా అనుకుని క్లోరల్ సీసా తీసింది. చెంచాలో పోసి తాగించింది. పొరపాటు వెంటనే ఇద్దరికీ అర్థమైంది. వాంతి చేయించారు, డాక్టర్లను పిలిపించారు, పగలంతా ప్రయత్నించారు. ఆయన ఆ రోజే కన్నుమూశాడు. ఆమె 1940 దాకా బతికింది. మిగిలిన జీవితమంతా భర్త కాగితాలు, ఉత్తరాలు సేకరిస్తూ ఆయన జీవిత చరిత్ర కోసం శ్రమించింది, పూర్తి చేయలేకపోయింది. నిద్ర తెప్పించే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎంత తక్కువ దూరం ఉందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ప్రేమగా చూసుకునే భార్య, పడక పక్కన రెండు సీసాలు, ఒక్క చెంచా.

క్లోరల్‌ను ఆల్కహాల్‌తో కలిపితే ఆ దూరం ఇంకా తగ్గుతుంది. శరీరంలో ఈ రెండింటినీ విరగ్గొట్టే పని ఒకే ఎంజైములు చూసుకుంటాయి కాబట్టి ఒకదాని మత్తును మరొకటి పెంచుతుంది. 19వ శతాబ్దం చివర అమెరికా నగరాల్లో దొంగలకు ఈ కిటుకు బాగా తెలుసు. సారాయి గ్లాసులో క్లోరల్ చుక్కలు కలిపి, మనిషి పడిపోగానే జేబులు ఖాళీ చేసేవాళ్ళు. షికాగోలో మికీ ఫిన్ అనేవాడి సారా దుకాణాన్ని ఇలాంటి ఆరోపణల మీదనే 1903లో మూయించారు. ఆల్కహాల్‌లో క్లోరల్. కల్తీ కల్లు వంటకం ఇదే. షికాగోలో దాన్ని నేరం అన్నారు, మన దగ్గర చాలాకాలం వ్యాపారం అన్నారు.

వెరోనల్ నుంచి లెక్సింగ్‌టన్ దాకా

1903లో ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు జర్మన్లు బార్బిటాల్ అనే కొత్త నిద్రమందు ప్రకటించారు. వెరోనల్ పేరుతో అది బజారుకొచ్చింది. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. క్లోరల్ కంపు లేదు, గొంతు మంట లేదు, మాత్ర మింగితే చాలు. ఫినోబార్బిటాల్ మూర్ఛరోగులకు నిజంగా ప్రాణదానం చేసింది, ఇప్పటికీ చేస్తోంది. ఆ మేలును కాదనకూడదు. నిద్ర కోసం ఇంటింటా చేరిన బార్బిట్యురేట్లు మాత్రం యాభై ఏళ్ళలో ఎంతమందిని పొట్టనపెట్టుకున్నాయో చెప్పలేం. 1962 ఆగస్టులో 36 ఏళ్ళ మార్లిన్ మన్రో చనిపోయినప్పుడు ఆమె రక్తంలో రెండు మందులు దొరికాయి. ఒకటి పెంటోబార్బిటాల్ అనే బార్బిట్యురేటు. రెండోది మన క్లోరల్ హైడ్రేటే. లీబ్రైఖ్ మందు వచ్చి అప్పటికి 93 ఏళ్ళు.

మోతాదు మించితే చావు వస్తుందని అందరికీ తెలుసు. అలవాటుపడ్డ మనిషి హఠాత్తుగా మానేసినా చావు రావచ్చని తెలియడానికి ఇంకా కాలం పట్టింది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్‌టన్‌లో సగం జైలు, సగం ఆస్పత్రిగా ఒక ప్రభుత్వ సంస్థ ఉండేది, 1935లో తెరిచారు. అక్కడ హారిస్ ఇస్బెల్ అనే వైద్యుడు ఖైదీలకు నెలల తరబడి పెద్ద మోతాదుల్లో బార్బిట్యురేట్లు ఇచ్చి, ఒక్కసారిగా ఆపేసి ఏం జరుగుతుందో రాసుకున్నాడు. 1950లో అచ్చయిన ఆ పరిశోధన ఇవాళ్టి నీతి నియమాల ముందు నిలబడదు. కటకటాల వెనక ఉన్న మనిషి ఒప్పుకున్నాడన్న మాటకు విలువెంత? కానీ అక్కడ తేలిన నిజం తేలింది. ఆపిన తొలి రోజుల్లోనే వణుకు, నిద్రలేమి, ఒళ్ళంతా చెమటలు, తర్వాత ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ. లేని మనుషులు కనిపిస్తారు, లేని గొంతులు వినిపిస్తాయి. నల్లమందు మానినవాడు నరకం చూస్తాడు కానీ సాధారణంగా చావడు. ఈ జాతి మందులు ఒక్కసారిగా మానినవాడు చావవచ్చు.

ఇదంతా 1950 నాటికే అచ్చులో ఉంది. తర్వాత చెప్పబోయేది చదివేటప్పుడు ఈ సంవత్సరాన్ని మనసులో ఉంచుకోండి.

చెత్తబుట్టలోకి పోవాల్సిన పొడి

లియో స్టెర్న్‌బాక్ యూదు రసాయన శాస్త్రజ్ఞుడు. పోలండులోని క్రాకోవ్‌లో చదివి, స్విట్జర్లండులో రోష్ కంపెనీలో చేరాడు. హిట్లర్ నీడ యూరప్‌ను కమ్ముకుంటుంటే 1941లో కంపెనీ ఆయన్ను అమెరికాలో న్యూజెర్సీలోని నట్లీకి పంపింది. 1950ల్లో మనసుకు శాంతినిచ్చే మందుల కోసం కంపెనీల మధ్య పోటీ మొదలైంది. స్టెర్న్‌బాక్ తన విద్యార్థి దశలో చేసిన కొన్ని పాత పదార్థాలను మళ్ళీ బయటికి తీశాడు. వరసగా చేసి చూశాడు, ఏదీ పనికిరాలేదు. ఆ పని ఆపి వేరే పని చూడమన్నారు.

1957లో ప్రయోగశాల బల్లలు సర్దుతుంటే పరీక్షకు పంపకుండా మిగిలిపోయిన ఒక పదార్థం సహాయకుడి కంట పడింది. పారేయబోయే ముందు ఇదొక్కటీ పంపి చూద్దాం అనుకున్నారు. దాని పరీక్ష చూసిన కంపెనీ ఔషధ నిపుణుడు లోవెల్ రాండల్ ఆశ్చర్యపోయాడు. జంతువులు మెలకువగానే ఉన్నాయి కానీ భయం పోయింది, కండరాలు వదులయ్యాయి. 1960లో అది లిబ్రియం పేరుతో బజారుకొచ్చింది. 1963లో దాని చెల్లెలు డయజపామ్, అంటే వేలియం వచ్చింది. దాదాపు దశాబ్దకాలం అమెరికాలో డాక్టర్లు అన్నిటికంటే ఎక్కువగా రాసిన మందు అది. 1978 ఒక్క ఏడాదిలోనే 200 కోట్లకు పైగా మాత్రలు అమ్ముడయ్యాయి. 1981లో అప్‌జాన్ కంపెనీ అల్ప్రాజోలమ్ తెచ్చింది. ఇవన్నీ బెంజోడయజపీన్ల కుటుంబం.

వీటికి ఒక నిజమైన సుగుణం ఉంది. ఒంటరిగా ఎక్కువ మింగినా బార్బిట్యురేట్లలా సులభంగా ప్రాణం తీయవు. అందుకే డాక్టర్లు నమ్మారు. అలవాటు కావన్న పాత మాట మళ్ళీ వచ్చింది. 1961లోనే, లిబ్రియం వచ్చిన మరుసటి ఏడాదే, లియో హోలిస్టర్ అనే అమెరికన్ వైద్యుడు పెద్ద మోతాదులో లిబ్రియం వాడుతున్న 11 మంది రోగులకు హఠాత్తుగా మందు ఆపి చూశాడు. పది మందికి కొత్త బాధలు మొదలయ్యాయి, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. పరిశోధన అచ్చయింది. అమ్మకాలు ఆగలేదు. అమెరికా సెనేట్‌లో ఎడ్వర్డ్ కెనెడీ ఆధ్వర్యంలో విచారణ జరిగి, అలవాటుపడ్డవాళ్ళు లేచి తమ గోడు చెప్పుకునేసరికి 1979 వచ్చింది. బ్రిటన్‌లో ఈ మాత్రలు రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయవద్దని అధికారికంగా సలహా ఇచ్చేసరికి 1988 అయింది.

ఆ దేశంలోనే న్యూకాజిల్ నగరంలో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసర్ 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రల నుంచి బయటపడాలనుకునేవాళ్ళ కోసం క్లినిక్ నడిపింది. వచ్చిన ప్రతి ఒక్కరి మాట ఓపికగా విని రాసుకుంది. ఆమె నేర్చుకున్నదీ నేర్పిందీ ఒకటే. ఆపవద్దు, తగ్గించండి. కొద్దికొద్దిగా, వారాలు, అవసరమైతే నెలలు పట్టినా సరే, మెల్లగా తగ్గించండి.

ఎందుకు తగ్గించాలో మెదడు చెబుతుంది. నాడీకణాల ఉరుకులాటను అదుపుచేసే గాబా అనే రసాయనం మన మెదడులో సహజంగానే ఉంది, అది బ్రేకు లాంటిది. సారాయి, క్లోరల్, బార్బిట్యురేట్లు, అల్ప్రాజోలమ్ అన్నీ వేర్వేరు చోట్ల పట్టుకుని ఆ బ్రేకునే నొక్కుతాయి. రోజూ బయటి నుంచి ఎవరో తొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకును సడలిస్తుంది. ఒకనాడు హఠాత్తుగా బయటివాడు కాలు తీసేస్తే మెదడును ఆపేది ఏదీ ఉండదు. చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి చెదరడం అన్నీ అక్కడ పుడుతున్నవే.

చెట్టు తక్కువ, గిరాకీ ఎక్కువ

ఇక మన ఊరికి వద్దాం.

ఈత చెట్టో తాటి చెట్టో గీస్తే లొట్టిలోకి దిగే కల్లుకు ఈ కథలో ఏ పాపమూ లేదు. పొద్దున దించిన నీర తియ్యగా ఉంటుంది, గంటల్లో పులుస్తుంది, మరునాటికి పులుపెక్కి తాగరాకుండా పోతుంది. దాన్ని నిలవ ఉంచి దూరం మోయడం కష్టం. మోకు, ముత్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడు దించగలిగింది రోజుకు కొన్ని లొట్లే. పట్నాలు పెరిగాయి, చెట్లు తరిగాయి, కల్లు దుకాణాల సంఖ్య మాత్రం తగ్గలేదు. చెట్లే లేనిచోట వందల డబ్బాల సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కాస్త కల్లు, ఎక్కువ నీళ్ళు, తీపికి సాకరిన్, నిషాకు పొడి.

ఆ పొడి మొదట క్లోరల్ హైడ్రేట్. కల్లు వ్యాపారుల భాషలో సీహెచ్. తర్వాత డయజపామ్, వాళ్ళ నోట డైజోఫాం. తర్వాత అల్ప్రాజోలమ్. యూరప్, అమెరికా ప్రయోగశాలల్లో నూరేళ్ళకు పైగా నడిచిన వరసే తెలంగాణ కల్లు దుకాణాల్లో ఒక్క తరంలో తిరిగి నడిచింది. కారణం వైద్యం కాదు, బరువు. డాక్టరు నిద్రకో ఆందోళనకో రాసే అల్ప్రాజోలమ్ మాత్ర ఒక్కోటి సాధారణంగా పావు మిల్లీగ్రామో అర మిల్లీగ్రామో. పావు లెక్కన చూస్తే కిలో పొడితో 40 లక్షల మాత్రలు అవుతాయి. స్కూటరు డిక్కీలో పట్టే సంచితో ఒక జిల్లాకు జిల్లాను మత్తులో ముంచవచ్చు. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) 100 గ్రాముల అల్ప్రాజోలమ్‌నే వాణిజ్య పరిమాణంగా లెక్కగట్టి పదేళ్ళకు తగ్గని శిక్ష వేయమంటున్నది ఇందుకే.

ఇంత తీక్షణమైన పొడిని డ్రమ్ములో వేసి కర్రతో కలుపుతారు. తూకం లేదు, కొలత లేదు. అడుగున ఒక రకం, పైన ఒక రకం. ఇవాళ్టి సీసాకూ రేపటి సీసాకూ పోలిక ఉండదు. రోజూ తాగినా ఏమీ కాని మనిషి ఒకనాడు అదే దుకాణంలో అవే రెండు సీసాలు తాగి లేవకపోవచ్చు. టిండాల్ ఇంట్లో జరిగింది ఒక్క చెంచా పొరపాటు. ఇక్కడ కర్ర తిప్పిన ప్రతిసారీ అదే ప్రమాదం.

2004లో హైదరాబాద్ నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. గీత కార్మికుల బతుకుదెరువు పేరుతో తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2014లో మళ్ళీ తెరిచారు. మరుసటి ఏడాది, 2015 సెప్టెంబరులో, కల్తీ కల్లు మీద ఎక్సైజ్ శాఖ దాడులు పెంచింది. కల్లులో మత్తు పొడి కలపడం ఒక్కసారిగా తగ్గింది. చేయాల్సిన పనే. కానీ ఆ పొడి మీద ఏళ్ళ తరబడి ఆధారపడ్డ వేలాది శరీరాల సంగతి ముందుగా ఎవరూ ఆలోచించలేదు.

రెండు మూడు రోజుల్లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రభుత్వాస్పత్రులకు జనం రావడం మొదలైంది. ఆటోల్లో, ట్రాక్టర్లలో, ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే తప్ప నిలబడలేని మనుషులు. చేతులు వణుకుతున్నాయి, మెడ కొయ్యబారింది, మాట తడబడుతోంది. కొందరికి ఫిట్స్. కొందరు గోడతో మాట్లాడుతున్నారు, పైనున్న ఫ్యాను చూసి భయపడుతున్నారు, మంచం మీంచి లేచి పరుగెత్తుతున్నారు. ఆడవాళ్ళూ ఉన్నారు, ముసలివాళ్ళూ ఉన్నారు. మంచాలు చాలక వరండాల్లో పడుకోబెట్టారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా బారులు తీరారు. పత్రికలు "వింత ప్రవర్తన" అని శీర్షికలు పెట్టాయి. అందులో వింత ఏమీ లేదు. లెక్సింగ్‌టన్‌లో ఇస్బెల్ 1950లో రాసిపెట్టిన లక్షణాలే అవి, చాలావరకు. కొందరు చనిపోయారు. కల్లు దొరక్క చనిపోయారని ఊళ్ళో అనుకున్నారు. తాము ఎన్నడూ అడగని, పేరు కూడా వినని ఒక మాత్ర ఆగిపోయి చనిపోయారు.

ఇక్కడ నాకు కోపం వచ్చే మాట ఒకటుంది. ఆ రోజుల్లో కొందరు పెద్దమనుషులు చూశారా, కల్లు బంద్ చేస్తే జనం చస్తున్నారు, బంద్ చేయొద్దు అని వాదించారు. మరికొందరు తాగుబోతులకు అట్లాగే కావాలి అన్నారు. రెండూ తప్పుడు మాటలే. పొడి బంద్ చేయాల్సిందే. అయితే దుకాణానికి తాళం వేసే ముందు జిల్లా ఆస్పత్రిలో మంచాలు, మందులు, మానసిక వైద్యులు సిద్ధంగా ఉండాలి. ఆష్టన్ చెప్పిన నిదానం ఒక మనిషికి ఎంత అవసరమో ఒక జిల్లాకూ అంతే అవసరం.

పదేళ్ళు గడిచాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాంతులు, విరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని పదుల మంది నిమ్స్‌లో, ఇతర ఆస్పత్రుల్లో చేరారు. నమూనాల్లో అల్ప్రాజోలమ్ బయటపడింది. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో పిల్లలకు పాఠాలు చెబుతున్న ఒక ప్రైవేటు పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలమ్ తయారుచేస్తున్నట్లు పోలీసులు పట్టుకున్నారు. ఆ సరుకు మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు పోతున్నదని తేల్చారు. పొడి తయారీ ఎవరో విదేశీ ముఠాల చేతిలో ఉందనుకోవడం భ్రమ. హైదరాబాద్ చుట్టుపక్కల వెలసిన మందుల పరిశ్రమలో పని నేర్చినవాళ్ళలోనే కొందరు దారి తప్పి, సంగారెడ్డి చుట్టుపక్కల షెడ్లలో ఈ పని చేస్తున్నారు. చెట్టెక్కే గౌడన్న కాదు ఇక్కడి నేరస్తుడు. పొడి చేసేవాడు, దాన్ని పంచేవాడు, తెలిసీ కళ్ళు మూసుకునే అధికారి.

దేశం మొత్తం మీద చూసినా మత్తుకు అలవాటుపడ్డవాళ్ళకు చికిత్స అందుబాటులో లేదన్నదే అసలు జబ్బు. 2019లో ఎయిమ్స్ వైద్యులు కేంద్ర ప్రభుత్వం తరఫున ప్రకటించిన జాతీయ సర్వే, నల్లమందు జాతి మత్తుల వల్లనే 77 లక్షల మందికి సాయం అవసరమని తేల్చింది. కల్తీ కల్లు తాగేవాళ్ళు ఇలాంటి లెక్కల్లో ఎక్కడా విడిగా కనిపించరు. తాము వాడుతున్నది ఏమిటో వాళ్ళకే తెలియనప్పుడు సర్వేకు వచ్చినవాళ్ళకు ఏమని చెబుతారు?

ఇంట్లో ఎవరైనా ఉంటే

మీ ఇంట్లోనో, మీ పొలంలో పనిచేసేవాళ్ళలోనో, ఎదురింట్లోనో రోజూ దుకాణం కల్లు తాగేవాళ్ళు ఉండవచ్చు. డాక్టరు ఎప్పుడో రాసిచ్చిన నిద్రమాత్రను ఏళ్ళుగా మింగుతున్న అమ్మమ్మ కూడా ఉండవచ్చు. ఒట్టు వేయించి, గదిలో పెట్టి గొళ్ళెం వేసి, ఒక్కరోజులో మానిపించే ప్రయత్నం దయచేసి చేయకండి. తిరుపతి ముడుపు కట్టించి ఆ రోజు నుంచే బంద్ పెట్టించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. జిల్లా ప్రభుత్వాస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్ళండి. అక్కడ డాక్టర్లు ఇచ్చేది చాలాసార్లు డయజపామ్, లోరజపామ్ వంటి అదే కుటుంబపు మందే. కొలిచి ఇస్తారు, రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు, ఒకనాటికి ఆపేస్తారు. మత్తుకు మళ్ళీ మత్తే ఇస్తున్నారని బెదిరిపోయి మధ్యలో ఇంటికి తెచ్చుకోకండి. మానిన రెండు మూడు రోజుల్లో చేతులు వణికినా, నిద్ర పూర్తిగా పోయినా, ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా తెల్లవారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు "కల్లు తాగుతాడు" అని మాత్రమే చెబితే చాలదు. ఎన్నేళ్ళుగా, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఈ మూడూ చెప్పండి. వ్యసన విముక్తి సలహాకు దేశమంతటా ఉచితంగా పనిచేసే నంబరు 14446. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416. రెండింటినీ ఇవాళే మీ ఫోన్లో దాచుకోండి.